నీళ్లు ముందు, గుడ్డ తరువాత

(ముదురు రంగు కారును ఇంటివద్ద కడుగుట, మెరుగుపెట్టుట, మైనము పూయుటను గూర్చిన పాఠము)



మన కర్నూలు, కడప సీమలలో నేడు పల్లెలలో సైతము కార్లు కనబడుచున్నవి. కొందరు క్రొత్తది కొనిరి. అనేకులు ఒకరు వాడిన బండిని కొని నెలనెల కంతులు కట్టుచున్నారు. నొప్పులు పడుచున్న బిడ్డను నడిరేయి ఆసుపత్రికి చేర్చునది అదే. పెండ్లికైనను చావుకైనను బంధువులను తీసికొనిపోవునది అదే. కనుక ఇంటివారు దానిని ప్రేమతో చూచుకొందురు. అయితే ఆ ప్రేమయే బండికి కీడు చేయుట కలదు. తెల్లవారగానే భుజము మీది తువ్వాలు తీసి, దుమ్ము పట్టిన నల్లని బానెట్టును పొడిగా తుడుచు అలవాటు ఇంటింట ఉన్నది. ఈ పాఠము ముఖ్యముగా ఆ అలవాటును గూర్చినది.

1. రంగు మీది పొర

పాతకాలపు కార్లలో అనేకమునకు రంగే పై పొరగా ఉండెడిది. పాలిష్ పెట్టి రుద్దినప్పుడు ఆ రంగు గుడ్డకు అంటెడిది. రంగు వెలిసిపోయినకొలది రుద్దుట ఆ దినములలో అవసరమే. అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది గాని, ఆ కాలపు రుద్దుడు అలవాటు మాత్రము నిలువలేదు.

ఇప్పటి కారు వేరు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన గాజువలె పారదర్శకమైన వార్నిషు పొర ఉండును. మెరుపంతయు ఈ పై పొరదే. దాని మందము సుమారు 40 నుండి 50 మైక్రానులు. అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేయగా అందులో 40, 50 భాగములు. మన తలవెండ్రుక కన్న పలుచన. ఎండ దెబ్బను ఆపి లోని రంగును కాపాడునది అదే. అది అరిగిన చోట టాపు మీద తెల్లని మచ్చలు లేచి, పొర పొలుసులుగా ఊడును. అప్పుడు ఏ పాలిష్‌తోను బాగుపడదు. మరల రంగు వేయింపవలసినదే.

2. మన సీమ దుమ్ము

మన దుమ్ము మెత్తనిది కాదు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు పలకరాతి పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు పొడి, మంగంపేట వైపు ముగ్గురాతి పొడి, అన్ని చోట్ల బాటమీది ఇసుక రేణువులు. సున్నపురాతి కాఠిన్యమును 3 అని లెక్కించినయెడల, ఇసుకలోని పలుగురాతి కాఠిన్యము 7. అది గాజును సైతము గీయును. పలుచని వార్నిషు దానికి ఏపాటి?

ఇక్కడ ఒక సంగతి గ్రహింపవలెను. దుమ్ము ఊరక కూర్చుండుట వలన హాని స్వల్పము. దానిని గుడ్డతో ఈడ్చుట వలననే హాని. పొడిగుడ్డతో ఒకసారి తుడిచిన చాలును, వేయి సన్నని గీతలు పడును. ఎండలో చూచినప్పుడు సూర్యుని ప్రతిబింబము చుట్టు సాలెగూడువలె కనబడునవి ఇవే.

"నలుపు త్వరగా గీతలు పడును" అని కొందరందురు. అది సరికాదు. తెల్ల కారుకును అవే గీతలు పడును, అయితే కనబడవు. నలుపు గీతలను పుట్టింపదు, చూపును. కాబట్టి నల్ల కారు గలవాడు తన చేతి పనిని ప్రతిదినము చూచుచుండును.

ఏరువాక పున్నమినాడు ఎద్దును కడుగు రైతును చూడుడి. ఒంటిమీద బురద ఎండియున్నప్పుడు పీచుతో గీకడు. ముందు నీళ్లు చల్లి నాననిచ్చును, తరువాతనే రుద్దును. బండికిని అదే నియమము.

3. నీళ్ల లెక్క

"మాకు త్రాగుటకే నీళ్లు లేవు, కారుకు ఎక్కడివి?" అని అడుగువారు న్యాయముగానే అడుగుచున్నారు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు అందవలెనని నియమము పెట్టినది. పైపు నుండి నిమిషమునకు 10 లీటర్లు పారుననుకొన్నను, అరగంటకు 300 లీటర్లు. అది ఐదుగురు మనుష్యులకు ఒక దినపు నీళ్లు. వేసవిలో పొరుగింటి తల్లి బిందెతో ట్యాంకరు కొరకు ఎదురుచూచుచుండగా, వీధిలో పైపు పెట్టి కారు కడుగుట తగదు.

15 లీటర్ల బకెట్లు నాలుగు చాలును: తడుపుటకు ఒకటి, షాంపూకు ఒకటి, గుడ్డ జాడించుటకు ఒకటి, చివర పోయుటకు ఒకటి. అవియు లేని వారములో అద్దములు, లైట్లు మాత్రము తడిపి తుడిచి, మిగతా దుమ్మును అట్లే విడువవలెను. దుమ్ముతో తిరుగుట సిగ్గు కాదు. కె.సి. కాలువ గట్టునకో చెరువునకో బండిని తోలి కడుగుటయు కూడదు. నూనె, మడ్డి ఆ నీళ్లలో కలియును, పశువులు వాటినే త్రాగును.

4. కడుగు క్రమము

తెల్లవారుజామున గాని పొద్దు వాలిన తరువాత గాని, నీడలో, రేకు చల్లబడిన పిమ్మట పని మొదలుపెట్టవలెను. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. నల్లని రేకు దానికన్న ఎంతో ఎక్కువగా కాగును. అట్టి రేకు మీద సబ్బునీళ్లు క్షణములో ఎండి మచ్చలగును.

మొదట చెంబుతో టాపు నుండి క్రిందికి నీళ్లు పోసి నాననివ్వవలెను. ఇసుకలో ఎక్కువ భాగము ఇప్పుడే జారిపోవును. తరువాత కార్లకు అమ్ము షాంపూ కొద్దిగా కలిపిన నీళ్లలో మైక్రోఫైబరు గుడ్డను ముంచి, బరువు మోపక, వరుసగా నిలువు గీతలలో నడిపింపవలెను, గుండ్రముగా త్రిప్పకూడదు. ఒక్కొక్క భాగము కాగానే గుడ్డను రెండవ బకెట్టులో జాడించి, పిమ్మటనే షాంపూలో ముంచవలెను. ఆ రెండవ బకెట్టు అడుగున చేరిన ఇసుకను చూచినప్పుడు, అది లేనియెడల ఎక్కడ రుద్దియుందుమో తెలియును. చక్రములు, క్రింది అంచులు చివరకు, వేరు గుడ్డతో చేయవలెను. గుడ్డ నేలమీద పడినయెడల ఆ దినము దానిని మరల వాడకూడదు.

బట్టల సబ్బుపొడి మైనమును ఊడ్చివేయును. కిరోసిను పూసిన మెరుపు గంటసేపే. జిడ్డుకు దుమ్ము మరింత అంటుకొనును, రబ్బరు పట్టీలు చెడును. సిమెంటు పొడి పడినప్పుడు మంచు తగులకముందే ధారాళముగా నీళ్లు పోయవలెను. తడిసి ఎండిన సిమెంటు రాయియగును. పక్షిరెట్ట పడినచో తడిగుడ్డను దానిమీద కొంతసేపు పరచి, మెత్తబడిన పిమ్మట ఎత్తవలెను, గీకకూడదు.

5. బోరునీటి మచ్చలు

సున్నపురాతి నేలలో బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండును. వంటపాత్రలో తెల్లగా పేరుకొను సున్నమే నల్లని బానెట్టు మీద చుక్కలగును. కాబట్టి కడిగిన బండిని గాలికి ఆరనివ్వక, శుభ్రమైన మెత్తని గుడ్డను పరచి, అద్ది, నీళ్లు తీయవలెను. పట్టియుంచిన వాననీళ్లున్నచో చివరి చెంబులు అవి పోయుట మంచిది. ఇప్పటికే చుక్కలు పడియున్నయెడల తెల్లని వెనిగరులో సమానముగా నీళ్లు కలిపి, గుడ్డతో కొంచెముసేపు అద్ది, వెంటనే కడుగవలెను.

6. మెరుగు వేరు, మైనము వేరు

ఈ రెండును ఒకటే అనుకొనుట వలన అనేక బండ్లు చెడినవి. ఇత్తడి బిందెను చింతపండు, ఇటుకపొడితో తోమినప్పుడు పై పొర కొంచెము పోయి మెరుపు వచ్చును. పాలిష్ అట్టిది, అది తీసివేయునది. తోలు చెప్పునకు ఆముదము రాసినప్పుడు అది పగులక నిలుచును. మైనము అట్టిది, అది కప్పునది.

తీసివేయు పనిని మాటిమాటికి చేయకూడదు. ఉన్నది 40 మైక్రానులే గదా. గీత మీద గోరు నడిపి చూడవలెను. గోరు తగులుకొన్నచో గీత లోతైనది, పాలిష్‌తో పోదు. దానిని పోగొట్టబోయి పొరను పోగొట్టుకొందుము. గోరు తగులని సన్నని గీతలకు, కడిగి ఆరిన బండి మీద, మెత్తని పాలిష్‌ను చేతితో కొద్ది చోటనే పెట్టి చూడవలెను.

మైనములలో పేరుగాంచిన కార్నోబా బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి వచ్చును. దానిని నీడలో అతి పలుచగా పూసి, మసకగా ఆరిన తరువాత వేరు గుడ్డతో తుడువవలెను. మందముగా పూసిన లాభము లేదు, తుడుచుట కష్టము. నల్లని ప్లాస్టిక్, రబ్బరు భాగములకు అంటనీయకూడదు, తెల్లబడును. బానెట్టు మీద నీళ్లు చల్లినప్పుడు ముత్యములవలె నిలిచిన మైనమున్నట్లు. పలుచగా పరచుకొన్న అరిగినట్లు. వేసవికి ముందొకసారి, వానలు వెనుకపట్టిన తరువాత ఒకసారి పూసినను బండికి మేలు. అయితే మైనము పూసితిమని పొడిగుడ్డకు సెలవు దొరకదు.

ఇంట మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డతో తుడుచుటకన్న అట్లే విడుచుట ఎందుకు మేలు?
2. రెండవ బకెట్టు దేనికి?
3. పాలిష్ ఏమి చేయును, మైనము ఏమి చేయును?
4. మన ఇంట కారు కడుగుటకు ఎన్ని లీటర్లు పోవుచున్నవి? పొరుగువారికి నీళ్లు అందుచున్నవా?

ఈ నాలుగవ ప్రశ్నను బండి తోలువారు మాత్రమే గాక, నీళ్లు మోయువారు కూడ కూర్చుండి ఆలోచింపవలెను.