మేతలో మందు

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. వ్యాధులను హరించే ఆ ఔషధాన్ని 1950 నాటికి అక్కడి శాస్త్రజ్ఞులు పందుల మేతలో కొద్దిగా కలుపగా, అవి శీఘ్రంగా పెరిగాయి. ఆ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది.

అయితే ఎదుగుదలకు మూలం ఆహారమే. మేతలో మాంసకృత్తులు కొరవడితే, ఇన్సులిన్‌ను పోలిన వృద్ధికారక హార్మోను రక్తంలో తగ్గి, పంది గిడసబారుతుంది. దొడ్డి పరిశుభ్రంగా ఉంటే మందువల్ల కలిగే అదనపు లాభం స్వల్పమే. పైగా అల్పమోతాదుకు అలవాటుపడిన సూక్ష్మజీవులు ఆపై మందుకు లొంగక, మనుషులకూ సంక్రమించగలవు. కనుకనే స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య 2006లో ఈ వాడుకను నిషేధించాయి. ప్రాణరక్షకమైన ఔషధాన్ని బరువు పెంచే మేతగా మార్చడం వివేకం కాదు.