అంగుళాలు – సెంటీమీటర్లు

విద్యార్థుల దగ్గర ఉండే పెద్ద స్కేలుకు ఒక అంచున సెంటీమీటర్లు, రెండో అంచున అంగుళాలు ఉంటాయి. 30 సెంటీమీటర్ల గీత, 12 అంగుళాల గీత ఎదురెదురుగా ఉన్నట్లే కనిపిస్తాయి. పరీక్షగా చూస్తే అంగుళాల గీత దాదాపు అర సెంటీమీటరు అవతలికి జరిగి ఉంటుంది. ఎందుకంటే 1 అంగుళం 2.54 సెంటీమీటర్లు, 12 అంగుళాలు, అంటే ఒక అడుగు, 30.48 సెంటీమీటర్లు.

అంగుళం, అడుగు అనే మాటలు జానెడు, మూరెడు, బారెడు లాగా మనిషి శరీరాన్ని బట్టి పుట్టినవి. పూలమ్మే ఆమె మూర, కొనే ఆమె మూర ఒకటి కావు. ఆ తగవు నేటికీ తీరలేదు. బ్రిటిష్ వారి ఇంచి, ఫుట్టు, యార్డు అనే కొలతలకు మన వాడుకలో అంగుళం, అడుగు, గజం అనే పేర్లు స్థిరపడ్డాయి. బ్రిటన్ గజానికీ అమెరికా గజానికీ కూడా వెంట్రుకవాసి కన్నా తక్కువ తేడా ఉండేది. 1959లో ఆ రెండు దేశాలు, మరి నాలుగు దేశాలు కలిసి గజం అంటే 0.9144 మీటరు అని నిర్ణయించుకున్నాయి.

మన దేశంలో 1956లో చేసిన చట్టం మెట్రిక్ పద్ధతికి దారి వేసింది. అయినా ఇంటి స్థలాల విషయంలో జనం అడుగులను వదలలేదు. బెంగుళూరులో ‘ముప్పై నలభై’ స్థలం అంటే 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అని అందరికీ తెలుసు. అదే స్థలం పత్రంలో 9.14 మీటర్లు, 12.19 మీటర్లు అని ఉందనుకోండి. కొన్నవారు ‘మీటరంటే మూడడుగులే కదా’ అని నోటిలెక్క వేస్తే పొడవు 36.57 అడుగులే వస్తుంది. మూడున్నర అడుగుల నేలను పక్కింటివారు కలుపుకొన్నారని గొడవకు దిగుతారు. నిజానికి అంగుళం కూడా పోలేదు. మీటర్లను 3.28తో గుణించాలి. 12.19ని అలా గుణిస్తే 39.98 వస్తుంది, అంటే 40 అడుగులే.

మరొక చోట కూడా పొరపాటు జరుగుతుంది. ఒక అమ్మాయి ఎత్తు 1.65 మీటర్లు. 3.28తో గుణిస్తే 5.41 అడుగులు. దీనిని 5 అడుగుల 4 అంగుళాలు అని చదవకూడదు. అడుగుకు పది అంగుళాలు కావు, పన్నెండు. 0.41ని 12తో గుణిస్తే దాదాపు 5 వస్తుంది. కనుక ఆమె ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు.

దూరాలకు, 1 మైలు 1.609 కిలోమీటర్లు.

అభ్యాసం: తొమ్మిది గజాల చీర అడిగితే వ్యాపారి సరిగా 8 మీటర్ల చీర ఇచ్చాడు. ఎన్ని సెంటీమీటర్లు తగ్గింది? ఆ తగ్గిన పొడవును మీ జానతో కొలిచి చూడండి.