చిటికెడు మూలకం - పింగాణీలో మార్పు



ఆవర్తన పట్టిక అడుగున విడిగా ఉండే రెండు వరుసలను చాలామంది బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరచిపోతారు. వాటి ఉపయోగమేమిటని అడుగుదామంటే మా ఇంట్లో చెప్పేవారు లేరు. డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. పీజీలో తెలుసుకున్నది మీకు చెబుతున్నాను. ఆ పై వరుసలోని లాంథనైడ్లను, స్కాండియం, యిట్రియంలను కలిపి విరళ మృత్తిక మూలకాలంటారు.

ఫెర్రోఎలక్ట్రిక్ అంటే ఏమిటి?

బేరియం టైటనేట్ ఒక పింగాణీ పదార్థం. దాని స్ఫటికంలో ఒక గడిని చిన్న పెట్టె అనుకోండి. మూలల్లో బేరియం, ముఖాల మధ్యలో ఆక్సిజన్, నడుమ టైటానియం అయాన్లు ఉంటాయి. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలో టైటానియం కాస్త పక్కకు జరుగుతుంది. దానితో పెట్టెకు ఒకవైపు ధనావేశం, మరొకవైపు రుణావేశం ఏర్పడతాయి. విద్యుత్ క్షేత్రంతో ఈ దిశను తిప్పవచ్చు. ఇదే ఫెర్రోఎలక్ట్రిసిటీ. ఆ 120 డిగ్రీలను క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. గ్యాస్ లైటర్‌లోను, సముద్రంలో లోతు చూసే ఎకో సౌండర్‌లోను ఈ జాతి పింగాణీలే పనిచేస్తాయి.

డోపింగ్

ఈ మాట వినగానే క్రీడాకారుల నిషేధిత మందులు గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం వేరు. వెయ్యి బేరియం అయాన్లలో మూడింటి స్థానంలో లాంథనం పెడతాం. బేరియం ఆవేశం +2, లాంథనం ఆవేశం +3. అందువల్ల ఒక్కో చోట ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది. కరెంటును అడ్డుకునే పింగాణీ అర్ధవాహకమవుతుంది. క్యూరీ ఉష్ణోగ్రత దాటగానే దాని నిరోధం వేల రెట్లు పెరుగుతుంది. ప్లగ్గుకు పెట్టే దోమల మందు మిషన్లు చాలావాటిలో ఇలాంటి బిళ్ళే ఉంటుంది. వేడి హద్దు దాటితే కరెంటును తానే తగ్గించుకుంటుంది.

లాంథనం బదులు యూరోపియం కలిపి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే బిళ్ళ ఎర్రగా వెలుగుతుంది. దాని 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు బయటి కక్ష్యలు గొడుగులా అడ్డుంటాయి కనుక రంగు పెద్దగా మారదు. అయితే అయాను చుట్టూ సౌష్ఠవం ఉంటే 590 నానోమీటర్ల కాంతి, లేకుంటే 615 నానోమీటర్ల కాంతి బలంగా వస్తుంది. అంటే లోపలి అమరికను వెలుగే మనకు చెబుతుంది.

ఎక్కువ వేస్తే?

లాంథనం ఎక్కువైతే స్ఫటికంలో ఖాళీలు ఏర్పడి నిరోధం తిరిగి పెరుగుతుంది. యూరోపియం ఎక్కువైతే దగ్గరి అయాన్లు శక్తిని ఒకదానికొకటి అందించుకుని వేడిగా పోగొడతాయి, వెలుగు తగ్గుతుంది. లెక్క చూడండి: 10 గ్రాముల బేరియం టైటనేట్‌లో వెయ్యికి మూడు చొప్పున కలపడానికి కావలసిన లాంథనం ఆక్సైడ్ సుమారు 21 మిల్లీగ్రాములే. ఆ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ముందుగా కాల్చకుండా తూస్తే లెక్క తప్పుతుంది.

మన తీరం

సూర్యలంకలో అల వెనక్కి పోయాక ఇసుకపై నల్లని చారలు కనిపిస్తే అదంతా విరళ ఖనిజమని అనుకోవద్దు. నల్లనివి ఎక్కువగా ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువు ఖనిజాలు. లాంథనం, నియోడిమియం వంటివి దొరికేది పసుపు గోధుమ రంగు మోనజైట్‌లో. అందులో థోరియం కూడా ఉంటుంది కనుక అది అణుశక్తికి సంబంధించిన చట్టాల కిందకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ తీరంలో 36 లక్షల టన్నులకు పైగా మోనజైట్ ఉన్నట్టు కేంద్ర అణు ఖనిజాల సంస్థ అంచనా.

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు విరళ మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఖనిజం భూమిలో ఉన్నంత మాత్రాన చాలదనీ, దాన్ని శుద్ధిచేసి, తూచి, బిళ్ళగా మార్చే నేర్పు కావాలనీ అప్పుడు అందరికీ అర్థమైంది. ఆ నేర్పు మన హాస్టళ్ళ పిల్లలకూ అందాలి. తెలుగు మీడియం అని వెనుకాడకండి. అయాను ఆవేశం, మోల్ లెక్క, ఓమ్ నియమం - ఈ మూడూ అర్థం చేసుకుని చదివితే ఈ ప్రయోగశాల తలుపు మీకు తెరిచి ఉన్నట్టే. అనుమానాలుంటే రాసి ఉంచండి, సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.