ఖాళీ చేసే దారి చూసుకుని చేరు

మరోదా, భిలాయ్

మేనకోడలికి,

తాతయ్య కాలపు భిలాయ్ గురించి తెలుగులో బ్లాగు రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పైసా ఖర్చు లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావట. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా రాసేస్తే నీ దగ్గర ఉంటుంది.

ఉచితంగా దొరికే బ్లాగు మన స్టీల్ ప్లాంటు క్వార్టరు లాంటిదే. అద్దె నామమాత్రం, మరమ్మతులు వాళ్ళవే. పెరట్లో మామిడి చెట్టు కూడా వేసుకోవచ్చు. రిటైరయ్యాక మాత్రం తాళాలు అప్పజెప్పాల్సిందే, చెట్టు మన వెంట రాదు. నాకూ ఆ రోజు దగ్గరపడుతోంది కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఖాళీ చేసే దారి ముందే చూసుకుని చేరు.

ఇలా ఖాళీ చేయించినవాళ్ళు ఉన్నారు. యాహూ 1999లో కొన్న ఉచిత వెబ్‌పేజీల సైటు జియోసిటీస్‌ను 2009లో మూసేసింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. డబ్బు కట్టి రాసుకునే టైప్‌ప్యాడ్ కూడా 2025 సెప్టెంబర్ 30న మూతపడింది. అంటే డబ్బు కట్టినంత మాత్రాన భరోసా ఏమీ లేదు.

నీకు నా ఓటు బ్లాగర్‌కే. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొంది. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ రేపు సొంత పేరుతో చిరునామా కొనుక్కుంటే దాన్ని తగిలించడానికి గూగుల్‌కు ఏమీ ఇవ్వక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అందంగా ఉంటుంది కానీ ఉచిత ఖాతాలో వాళ్ళ ప్రకటనలు వస్తాయి, సొంత చిరునామాకు డబ్బడుగుతారు. కథలు రాస్తే ప్రతిలిపి చూడమనేవాణ్ణి, నీది ఆ పని కాదు. ఫేస్‌బుక్ చాలదా అంటారు మనవాళ్ళు. అక్కడ ఈరోజు పెట్టింది వచ్చే ఏడు వెతికితే దొరకడం కష్టం. లింకు మాత్రం అక్కడా పెట్టు.

బ్లాగర్ సెట్టింగ్స్‌లో 'బ్యాకప్ కంటెంట్' అని ఒకటి ఉంటుంది. దానితో నీ రాతలన్నీ దించుకోవచ్చు. రాతల ఫైలులో ఫోటోలు ఉండవు, వాటి లింకులే ఉంటాయి. ఈ సంగతి చాలామంది ఆఖర్న తెలుసుకుంటారు. తాతయ్య ఫోటోల అసలు కాపీలు వేరే పెన్‌డ్రైవ్‌లో దాచు. ఇంకోటి, శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ ఆ పోస్టు చిరునామాను ఉత్త 'బ్లాగ్-పోస్ట్' అని, వెనక ఏదో అంకె తగిలించి ఇస్తుంది. పబ్లిష్ చేసేముందే పర్మాలింక్‌లో ఇంగ్లీషు అక్షరాలతో మంచి పేరు ఇవ్వు. తర్వాత మారిస్తే పాత లింకులు తెగిపోతాయి.

తెలుగు టైపింగ్‌కు భయపడకు. వీవెన్ గారు 2006లో తయారుచేసిన లేఖిని అనే సైటులో మాట ఎలా పలుకుతుందో అలా ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనపడేలా కూడలి అనే సైటును నడిపిందీ ఆయనే. ఆ రోజుల్లో బ్లాగ్‌స్పాట్‌లో (బ్లాగర్ చిరునామా అదే) మొదలైన తెలుగు బ్లాగులు కొన్ని ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి.

ఇక రాత సంగతి. మన ప్లాంటు కోసం 1955లో కుదిరిన సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించడం, ఇవి ఏ పుస్తకం తీసినా ఉంటాయి. వాటితో మొదలుపెట్టకు. శ్రీకాకుళం నుంచి ట్రంకుపెట్టెతో వచ్చినవాళ్ళకు ఇక్కడ బియ్యం ఎక్కడ దొరికాయో, హిందీ ఎలా పట్టుబడిందో రాయి. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర కూర్చునే పెద్దవాళ్ళను అడుగు. వాళ్ళ పేర్లు, ఫోటోలు పెట్టేముందు అనుమతి తీసుకో.

ముందు రెండు పోస్టులు రాసి సిద్ధంగా పెట్టుకుని, అప్పుడు బ్లాగు తెరువు. మొదటిది పెట్టగానే లింకు నాకు పంపు. అదే రోజు బ్యాకప్ కూడా ఒకసారి దించి చూసుకో.

ఇట్లు,
మామయ్య