విమానం తెచ్చిన వానా? వచ్చే వానేనా?



మన అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే మనకు దక్కుతుంది. వేరుశెనగ విత్తి ఆకాశం వైపు చూసే రైతుకు ఒక్క పదును వాన పంటను నిలబెడుతుంది. అందుకే 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టిన తర్వాత అరుగుల మీద ఇలాంటి వాదాలు వినబడేవి.

"చూస్తివా మామా! ఇమానం తిరిగె, వాన పడె!"

"పడే వాన ఎట్లయినా పడతాది అల్లుడూ. ఇదంతా వట్టి మోసం!"

ఎవరి మాట నిజం? ముందు పద్ధతిని తెలుసుకుందాం.

మేఘంలోని నీటి బిందువులు సున్నా డిగ్రీల కంటె చల్లబడినా ఒక్కొక్కప్పుడు గడ్డకట్టవు. 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ అటువంటి మేఘంపై పొడి మంచు, అంటే ఘన కార్బన్ డయాక్సైడు, చల్లి మంచు స్ఫటికాలను ఏర్పరచాడు. అదే ఏడాది బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడు కూడా ఆ పని చేస్తుందని కనుగొన్నాడు. స్ఫటికాలు పెరిగి, బరువెక్కి, కిందికి జారుతూ కరిగి చినుకులవుతాయి. అంత చల్లగా లేని మేఘాలలో తేమను పీల్చే లవణ కణాలను చల్లుతారు. అసలు మేఘమే లేకపోతే ఏది చల్లినా ఫలితం లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. చల్లకపోయినా ఆ మేఘం కురిసేదేమో! షేఫర్‌తో పనిచేసిన ఇర్వింగ్ లాంగ్మ్యూర్ నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు. 1949లో న్యూమెక్సికోలో మొదలుపెట్టిన ప్రయోగాల వల్లే ఎంతో దూరాన కూడా వానలు పడ్డాయని ఆయన పట్టుబట్టాడు. తోటి శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. చూశారా? మొండిపట్టు పండితులకూ తప్పదు!

మరి తేల్చడమెలా? పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ 2018, 2019 వానాకాలాలలో సోలాపూర్ వద్ద 276 మేఘాలను పరీక్షించింది. అదీ వర్షచ్ఛాయ ప్రాంతమే. ఏ మేఘంలో చల్లాలి, దేనిని వదలాలి అన్నది చీటీలు తీసినట్లు నిర్ణయించారు. ఎవరి ఇష్టానికీ తావు లేదు. తర్వాత రెండు జట్ల వానను పోల్చారు. చల్లిన చోటికి గాలివాటున ఉన్న ప్రాంతంలో సగటున సుమారు 18 శాతం వాన ఎక్కువ పడిందని 2023లో ప్రకటించారు.

కాబట్టి మామ అన్నట్లు అంతా మోసం కాదు. అల్లుడు అన్నట్లు విమానం తిరిగితే చాలు వాన పడదు. సోలాపూర్ లెక్క అనంతపురానికీ వర్తిస్తుందా? ఇక్కడ పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది.

ఈసారి మీరు ఎవరితోనైనా వాదించేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: "నా మాట తప్పయితే, ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది?" దీనికి జవాబు చెప్పలేకపోతే మీ దగ్గర ఉన్నది పట్టుదలే గాని జ్ఞానం కాదు.