పాత కారు వెల ఎవరు చెల్లించుదురు?

చదువవలసిన భాగములు: లూకా 14:28–30, సామెతలు 20:14, 1 తిమోతి 5:8, 6:17–19

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మన యౌవనస్థులలో కొందరు, "పాత స్పోర్ట్సు కారు కొనుట విశ్వాసికి తగునా?" అని అడుగుచున్నారు. ఇది చిన్న ప్రశ్న కాదు. ధనము, కోరిక, కుటుంబము, ఈ మూడును ఇందులో కలిసియున్నవి.

మాజ్దా మియాటా అను కారును దృష్టాంతముగా తీసికొందము. ఇది 1989లో అమ్మకమునకు వచ్చినది. పైకప్పు మడిచి గాలిలో పోవచ్చును. 2016 నాటికి పదిలక్షల కార్లు తయారైనవి గనుక పాతవి అనేకము దొరకును. అందులో రెండే ఆసనములు గలవు.

1. కోరిక పాపమా? కాదు. మనము అనుభవించుటకే దేవుడు మేలుల నిచ్చుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసెను. అయితే అక్కడనే, కలిగినవారు ఇతరులకు పంచిపెట్టవలెననియు వ్రాసెను. రెంటిని విడదీయరాదు.

2. లెక్క చూచితిమా? గోపురము కట్టువాని ఉపమానమును ప్రభువు శిష్యత్వమును గూర్చి చెప్పెను. అయినను కూర్చుండి లెక్క చూచు బుద్ధి అన్నిటికిని అవసరము. అమ్మువాడు అడిగిన సొమ్ము మొదటి మెట్టు మాత్రమే. ఇన్సూరెన్సు, టైర్లు, మరమ్మతు, అప్పైనచో వడ్డి దాని వెంట వచ్చును.

3. లోపల ఏమున్నది? 1997 వరకు తయారైన మియాటాలలో, పైకప్పు నీరు పోవు సన్నని గొట్టములు మట్టితో పూడినచో, నీరు తలుపుల క్రింది రేకులలో నిలిచి లోపలినుండి తుప్పు పట్టును. పైన మాత్రము క్రొత్త రంగు మెరయుచుండును. గనుక అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కుచేత కారును పైకెత్తించి పరీక్ష చేయించవలెను. డీలరు కిటికీకి అంటించు కాగితములో వారంటీ కలదో, ఉన్నది ఉన్నట్టే అమ్ముచున్నాడో తెలియును. దానిని చదువక సంతకము చేయరాదు.

4. మన నాలుక శుద్ధమా? బేరములో సరుకును హీనపరచి, ఇంటికి పోయి అతిశయించు కొనుగోలుదారుని సామెతలు గ్రంథము చూపుచున్నది. పన్ను తగ్గుటకై వెలను తక్కువగా వ్రాయుమని అడుగుటయు అబద్ధమే. రేపు మనమే అమ్మునప్పుడు దాని లోపములు చెప్పగలమా?

5. మూడవవానికి చోటేది? భార్యయు బిడ్డయు గలవానికి ఇదొక్కటే కారైనచో ఒకరు ఇంట నిలువవలెను. స్వదేశమందు తండ్రి మందులకును చెల్లెలి చదువునకును పంపు సొమ్ము తగ్గించి కొనినచో, కారు మనది, వెల వారిది. స్వకీయులను సంరక్షింపనివానిని గూర్చి పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో చదివి చూడుడి.

సహోదరులారా, అప్పు లేక, అబద్ధము లేక, ఎవరి అన్నము తగ్గింపక కొనగలిగినవాడు కృతజ్ఞతతో కొనవచ్చును. అతనికి మనము తీర్పు తీర్చరాదు. అట్లు కానివాడు ఒక యేడు ఆగుట నష్టము కాదు. కార్లు మరల దొరకును. తండ్రి మందులు వాయిదా వేయదగినవి కావు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు: మన కోరికకు వెల చెల్లించుచున్నవారు మన ఇంటిలో ఎవరు? వారిని ఎప్పుడైన అడిగితిమా?

ప్రార్థన: ప్రభువా, మా లెక్కలను నీ వెలుగులో చూచుకొను ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.