సైకిలు కుదుపు తగ్గాలంటే

తూంకుంటలో తారురోడ్డు దిగి సైకిలు మట్టిబాట పట్టింది. మరదలు కేక పెట్టింది.

"అమ్మో, నా నడుము! నాకు సైకిల్ వద్దు వదినా. ఆటోలనే పోత."

వదిన టైరు నొక్కి చూసింది.

"టైరు రాయిలెక్క ఉంది. గాలి ఎక్కువైంది. దానికి రోజూ ఆటో పైసలు ఎందుకు?"

వదిన చెప్పింది నిజం. కుదుపు గాలిని బట్టి, టైరును బట్టి, ఫ్రేమును బట్టి ఉంటుంది.

టైరు

పూర్వం సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు ఉండేది. రాయి తగిలితే దెబ్బ ఒంటికి తగిలేది. జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో ఉండేవాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. 1888లో దానికి పేటెంటు పొందాడు.

టైరులో గాలి పరుపులాంటిది. రాయి తగిలితే అణుగుతుంది. దాటగానే ఉబ్బుతుంది. వెడల్పు టైరులో అణగడానికి చోటు ఎక్కువ. తక్కువ గాలితోనే నడుస్తుంది. సన్న టైరుకు గాలి గట్టిగా కొట్టాలి. లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరు అవుతుంది. మట్టిబాటకు వెడల్పు టైరే మేలు.

ఫ్రేము

మగవాళ్ళ సైకిలుకు సీటు ముందు అడ్డకమ్మి ఉంటుంది. లేడీస్ సైకిలుకు ఆ కమ్మి కిందికి ఉంటుంది. చీరతో ఎక్కడం, దిగడం సులువు. హ్యాండిలు ఎత్తుగా ఉంటే నడుము వంచనక్కర లేదు. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువైతే కుదుపు తగ్గుతుంది. వెనక క్యారేజీ చక్రం మీదే ఉంటుంది. అందుకే అక్కడ కూర్చున్న పిల్లలకు కుదుపు ఎక్కువ. వాళ్ళ కింద మెత్తటి బట్ట వేయండి.

లేడీస్ సైకిలు లేదా? దిగులు వద్దు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువుతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలలేదు. మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. అడ్డకమ్మి మీద పిల్లలను కూర్చోబెట్టుకున్నారు.

వదిన కొంచెం గాలి తీసింది. మరదలు మళ్ళీ ఎక్కింది.

"ఇప్పుడెట్లుంది?"

"నడుము బతికింది వదినా! రేపు కూడా సైకిల్ మీదనే పోత."

గుర్తుంచుకోండి

బొటనవేలితో టైరు నొక్కండి. అసలు అణగకపోతే గాలి ఎక్కువ. మెత్తగా దిగిపోతే తక్కువ. కొంచెమే అణిగితే సరి.

జవాబు రాయండి

1. మట్టిబాటకు ఏ టైరు మేలు? ఎందుకు?
2. క్యారేజీ మీద కుదుపు ఎందుకు ఎక్కువ?
3. మీ ఇంట్లో సైకిలు ఎవరు తొక్కుతారు? మీరు ఎప్పుడు నేర్చుకుంటారు?